మూడో మడత

మా బావంటే నాకు పడేది కాదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, ఇప్పటికీ పడదు. అయినా ఆయన గురించి చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. అది చెప్పాలంటే ఆయన ఎంత ఘోరంగా అరిచేవాడో చెప్పాలి, నేనెంత మంచివాడిలా కూర్చునేవాణ్ణో కూడా చెప్పాలి. మొదటిది సులువు. దాంతోనే మొదలుపెడతాను.

ఆయన ఒక పెద్ద ఆసుపత్రిలో బట్టలుతికే విభాగానికి మేస్త్రి. విభాగం నేలమాళిగలో ఉండేది. పై అయిదంతస్తుల వార్డుల నుంచి మాసిన దుప్పట్లు, గలేబులు, ఆపరేషన్ గదిలో వాడే ఆకుపచ్చ గుడ్డలు ఒక వెడల్పాటి రేకు గొట్టంలోంచి ధబ్బుమని మా ముందు పడేవి. వాటిని వేరుచేసి, ఉడకబెట్టి, పిండి, చివరికి రోలర్ మీదకి ఎక్కించేవాళ్ళం. రోలర్ అంటే మంచానికి రెండింతల పొడవున్న, గుండ్రంగా తిరిగే ఇనుప పీపా. లోపల ఆవిరి బుసకొడుతూ ఉంటుంది. ఇటువైపు ఇద్దరు తడి దుప్పటి అంచులు పట్టుకుని దాని నోటికి అందిస్తే, అటువైపు ఆరిపోయి, ఇస్త్రీ అయి, చేతులు చుర్రుమనేలా బయటికొస్తుంది. అందించే చోట నోటికి అడ్డంగా ఒక సన్నటి కడ్డీ. వేలు దానికి తగిలిందంటే రోలర్ ఉన్నపళంగా ఆగిపోవాలి. మా వేళ్ళకి ఉన్న కాపలా అదొక్కటే.

నాకు ఆ ఉద్యోగం ఇప్పించింది బావే. మా అక్క బతిమాలితే ఇప్పించాడు. ఇప్పించిన సంగతి వారానికోసారి గుర్తుచేసేవాడు, అదీ పదిమందిలో.

"మా ఆవిడ తమ్ముడండీ. బాగా చదువుతాడు. ముందున్న పని తప్ప అన్నీ చదువుతాడు."

జనం నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. నా పని బట్టలు వేరుచేసే బల్ల దగ్గర. గుట్టల చాటున కూర్చుంటే ఒళ్ళో పుస్తకం పెట్టుకోవచ్చు. గట్టిగా మాట్లాడేవాణ్ణి కాదు, ఎవరి జోలికీ పోయేవాణ్ణి కాదు. నా గురించి ఎవర్నడిగినా "పాపం, నెమ్మదస్తుడు" అనేవాళ్ళు. ఆ మాట నాకు బాగుండేది.

బావని మాత్రం అందరూ కుంపటి అనేవాళ్ళు. "కుంపటి వస్తోంది", "కుంపటి రాజుకుంది", "ఇవాళ కుంపటి మీద నీళ్ళు పోసేదెవరు?" ఆయన వెనకాల ఇదే పాట. ముందు మాత్రం పిల్లుల్లా ఉండేవాళ్ళం. ఉండక చస్తామా! ఒక గలేబు చిరిగిందని, బాయిలర్ చూసే తాతని, తనకంటే పెద్దవాణ్ణి, "ఒరే ముసలోడా" అని అందరి ముందూ కేకేశాడు. తాత ఆ పూట అన్నం తినలేదు. సెలవు చీటీ తెచ్చిన ఒకావిడ చేతిలోంచి దాన్ని లాక్కుని నాలుగు ముక్కలు చేసి మాసిన గుట్టలో పడేశాడు. "ఇది కూడా ఉతుకు" అన్నాడు. మర్నాడు అన్నీ మర్చిపోయి "ఏమమ్మా, బాగున్నావా?" అని అడిగేవాడు. మర్చిపోవడం ఆయన వంతు, గుర్తుపెట్టుకోవడం మా వంతు.

ఆయన కోపానికి ఒక గుర్తుండేది. ఎడమ చొక్కా చెయ్యి. మామూలుగా మణికట్టు దగ్గర గుండీ పెట్టి ఉండేది. చిరాకు మొదలైతే గుండీ తీసి ఒక మడత పెట్టేవాడు. ఒక మడతైతే మాట్లాడొచ్చు. రెండు పడితే అడగాల్సినవి రేపటికి వాయిదా వేసుకోవడం మేలు. మూడో మడత మోచేతి దాకా వచ్చిందంటే కంటికి కనబడకుండా పోవాలి. ఈ లెక్క కనిపెట్టింది మా అక్క. పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టింది. "రెండయ్యాయిరా, ఇవాళ సినిమా సంగతి ఎత్తకు" అని వంటింట్లోంచి నాకు సైగ చేసేది. ఇంట్లో ఉన్న ఆ లెక్కని విభాగంలోకి మోసుకెళ్ళింది నేను. చేరిన నెలలోపే అందరికీ నేర్పాను. నేను నోరు విప్పి నలుగురికీ నేర్పింది ఆ ఒక్కటే, కాబట్టి నా మీద అందరికీ గౌరవం కూడా వచ్చింది. నా బల్ల గుమ్మానికి ఎదురుగా ఉండేది. మేస్త్రి గది నాకు కనబడేది, మిగతావాళ్ళకి కనబడేది కాదు. ఎవరైనా ఆయన దగ్గరికి బయల్దేరి నా వైపు చూస్తే నేను వేళ్ళు చూపించేవాణ్ణి. ఒకటి, రెండు, మూడు. అలా పన్నెండేళ్ళు సాగింది. ఈ లోకంలో ఆ చొక్కా చేతి సంగతి తెలియనివాడు ఆ చొక్కా తొడుక్కున్నవాడొక్కడే.

రోలర్‌కి దుప్పట్లు అందించే ఇద్దరిలో ఒకావిడని అందరం పిన్ని అనేవాళ్ళం. నలభై ఏళ్ళుంటాయి. నోరు పెద్దది, చెయ్యి వేగం. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు, మంచంలో ఉన్న అత్తగారు, అందరికీ ఆవిడ జీతమే ఆధారం. ఒక సోమవారం పదకొండింటికి ఆవిడ వేలు కడ్డీకి తగిలింది. రోలర్ ఆగింది గానీ ఉన్నపళంగా ఆగలేదు. జానెడు దొర్లి ఆగింది. పిన్ని ఆ జానెడు చూసింది. పని పక్కనావిడకి ఒప్పజెప్పి, తడి చేతులు తుడుచుకుంటూ మేస్త్రి గదివైపు బయల్దేరింది. నా వైపు చూసింది.

బావ టెలిఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చొక్కా చెయ్యి మోచేతి మీదుంది.

నేను మూడు వేళ్ళు చూపించాను.

ఆవిడ ఆగింది. "కడ్డీ సరిగ్గా ఆగట్లేదు బాబూ" అంది.

"ఇప్పుడొద్దు పిన్నీ. నరుకుతాడు. రేపు చెబుదాంలే."

మంగళవారం కూడా మూడే. బుధవారం పదకొండున్నరకి పిన్ని కేక వినబడింది. దుప్పటి అంచుతో పాటు కుడి చెయ్యి లోపలికి పోయింది. కడ్డీ తగిలాక రోలర్ జానెడు దొర్లింది. ఆ జానెడు చాలు. నాలుగు వేళ్ళూ కాలిపోయాయి. ఆసుపత్రిలోనే ఉన్నాం కాబట్టి క్షణాల్లో పైకి మోసుకెళ్ళారు. రెండు వేళ్ళు దక్కాయి. రెండు మళ్ళీ వంగలేదు.

ఆసుపత్రిలో ఒక రూలుంది. మిషన్‌లో లోపముందని తెలిసీ, పైవాళ్ళకి చెప్పకుండా నడిపినవాళ్ళని ఉద్యోగంలోంచి తీసేస్తారు. పిన్నికి లోపం తెలుసు. పక్కనావిడ భయంలో ఆ సంగతి ఆఫీసులో కక్కేసింది. శనివారం విచారణ పెట్టారు. ఇక మేస్త్రి "నాకెవరూ చెప్పలేదు" అని ఒక్క ముక్క అంటే చాలు, పిన్ని ఇంటికి పోతుంది. అందులో అబద్ధం కూడా లేదు.

బుధవారం సాయంత్రమే బావ నన్ను వెంటబెట్టుకుని ఇంటికెళ్ళాడు. నేనూ వాళ్ళ ఇంట్లోనే, ముందు గదిలో ఉండేవాణ్ణి. ఆయన చెప్పులు కూడా విప్పకుండా అరవడం మొదలుపెట్టాడు.

"మూడు రోజులు! మూడు రోజులు మిషన్ పాడై ఉంటే ఒక్కరికి నోరు పెగల్లేదా? నేనేమన్నా పులినా? తింటానా? చెప్పడానికి ఏం రోగం?"

అరుస్తూ అరుస్తూ గుండీ తీశాడు. ఒక మడత. ఇంకోటి. మా అక్క కంచం కడుగుతున్నదల్లా లేచి వచ్చింది. ఆవిడ అరవలేదు. వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఇది రెండోది" అంది.

"ఏంటి రెండోది?"

"ఈ మడత. మూడోది పడితే నేను పెరట్లోకి పోతాను. మీరు చల్లారాక వస్తాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. మీరెప్పుడూ చూడలేదు."

బావ తన చొక్కా చెయ్యి వైపు చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు. "ఇది నేనా పెట్టింది?" అన్నాడు.

"కాదు, నేను పెట్టాను" అంది అక్క. ఆవిడకి వెటకారం ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలీదు.

ఆయన నా వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు బావా."

"కింద వాళ్ళకి?"

"అందరికీ తెలుసు. చూసే చెప్పేవాళ్ళు, చూసే మానేసేవాళ్ళు."

"సోమవారం ఎన్ని?"

"మూడు."

"మంగళవారం?"

అదీ మూడే అన్నాను. ఆయన ఆ రెండు మడతలూ విప్పి గుండీ పెట్టుకున్నాడు. "ఎవరు కనిపెట్టారు దీన్ని కింద?" అని అడిగాడు చివరికి.

"వాళ్ళకే తెలిసిపోయింది" అన్నాను. అక్క నా మొహం వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం మేడ మీద ఆఫీసులో విచారణ. పొడుగు బల్ల, దాని వెనక ఆఫీసరు, ముందు అచ్చు కాగితం. చెయ్యి కట్టుతో పిన్ని ఒక పక్క, సాక్షిగా నేను ఒక పక్క. ఆఫీసరు తొందరలో ఉన్నాడు.

"మేస్త్రీ, లోపం గురించి నీకెవరైనా చెప్పారా?"

"లేదు సార్."

"అయిపోయింది" అని ఆఫీసరు పెన్ను తీశాడు. పిన్ని బల్ల కేసి చూస్తూ కూర్చుంది. ఆవిడ ఏడవలేదు. నన్నొకసారి చూసింది. ఆ మూడు వేళ్ళ సంగతి ఆవిడ అక్కడ చెప్పొచ్చు. చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదో కూడా రాయండి సార్" అన్నాడు బావ.

"ఎందుకు?"

"నాకు చెప్పాలంటే వాళ్ళకి భయం. సోమవారం నేను మంచిగా ఉండి ఉంటే ఆవిడ సోమవారమే చెప్పేది."

ఆఫీసరుకి నవ్వొచ్చింది. "భయం అని రాయడానికి ఇందులో గడి లేదయ్యా."

"పక్కన ఖాళీ ఉంది కదా సార్. అక్కడ రాయండి."

"అలా రాస్తే తప్పు నీ మీదికొస్తుంది. ఆలోచించుకున్నావా?"

"మూడు రోజుల నుంచి అదే ఆలోచన సార్."

అదీ ఆయన మంచితనం అని మీరనుకుంటే, నేను ఆ రోజు అలా అనుకోలేదు. పదిమందిలో గొప్ప కోసం అన్నాడనుకున్నాను. కోపంలో ఎంత నాటకం ఉండేదో ఇందులోనూ అంతే ఉందనుకున్నాను. ఆఫీసరు కాసేపు పెన్ను కొరికి తీర్పు చెప్పాడు. మూడు నెలలు గడువు. మేస్త్రి పూచీ మీద పిన్నికి ఉద్యోగం, ఎడం చేత్తో చేసుకోగలిగే పనిలో. వారం వారం తను వచ్చి చూస్తాడు. మళ్ళీ ఒక ప్రమాదం జరిగినా, మేస్త్రి నోటి మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా ఇద్దరూ బయటికి.

బయటికొచ్చాక బావ మెట్ల దగ్గర పిన్ని ముందు నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. ఆవిడే ముందంది.

"నా వేళ్ళు పోయాయి. ఇప్పుడు నా పిల్లల తిండి తీసుకెళ్ళి నీ కోపం మీద పెట్టారు. నీకు దండం పెట్టాలా మేస్త్రీ?"

"వద్దు."

"పెట్టను కూడా. మూడు నెలలు నోరు మూసుకో చాలు."

సోమవారం పొద్దున బావ అందర్నీ రోలర్ దగ్గరికి పిలిచాడు. పొట్టి చేతుల చొక్కా వేసుకొచ్చాడు. మాకు గుండెల్లో రాయి పడింది. "ఇప్పుడెలా తెలుస్తుందిరా?" అని తాత నా చెవిలో గొణిగాడు. బావ గొంతు సవరించుకుని, ముందే అనుకుని వచ్చిన మాటలు ఒక్కొక్కటే బయటికి తీశాడు.

"నాకు కోపమెక్కువ. మీకు తెలుసు. నాకే తెలీలేదు. దాన్నెలా ఆపాలో కూడా నాకు తెలీదు. ఒకటి మాత్రం చెబుతున్నాను. మిషన్ మాట ఏ వేళైనా చెప్పండి. నేను అరుస్తున్నా చెప్పండి. నా అరుపు మీద అరిచి చెప్పండి."

తాత ఫక్కున నవ్వాడు. పక్కనావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. బావ మెడ దగ్గర ఎర్రబడి, నవ్వు ఆగేదాకా నిలబడి, గదిలోకి వెళ్ళిపోయాడు.

రెండో వారంలో ఆయన బుట్ట తీసి గోడకేసి కొట్టాడు. తడి గలేబులు నేలంతా పరుచుకున్నాయి. ఆయనే వంగి ఏరుకున్నాడు. ఏరుకుంటూ, "తప్పు నాది" అన్నాడు.

"బుట్టకి చెప్పు" అంది పిన్ని, ఎడం చేత్తో మూటలకి వార్డు చీటీలు అంటిస్తున్న చోటు నుంచి తలెత్తకుండా.

నేను ఆయన్ని గమనిస్తూనే ఉన్నాను. ఎప్పుడు పేలతాడా అని చూసేవాణ్ణి. కానీ ఆయన తనని తను గమనించుకోవడం మొదలుపెట్టాడు. నేను చూసేదానికంటే ఎక్కువ చూసుకున్నాడు. నెల తిరిగేసరికి ఒక సంగతి పట్టుకున్నాడు. కోపం పొద్దుటి నుంచీ ఉండదు. పదిన్నర తర్వాత వస్తుంది. పదిన్నరకి వార్డుల నుంచి టెలిఫోన్లు మొదలవుతాయి. దుప్పట్లేవి, గలేబులేవి అని పై నర్సమ్మలు ఆయన్ని దులిపేస్తారు. ఆయన రిసీవర్ పెట్టేసి, అక్కడ మింగింది తెచ్చి మా మీద కక్కేవాడు. పన్నెండేళ్ళు ఆ గుమ్మానికి ఎదురుగా కూర్చుని మడతలు లెక్కపెట్టిన నాకు ఆ టెలిఫోన్ సంగతి తట్టనేలేదు. చేతిని చూశాను గానీ చెవిని చూడలేదు.

అప్పట్నుంచి రిసీవర్ పెట్టగానే మా వైపు వచ్చేవాడు కాదు. వెనక మెట్లు ఎక్కి మొదటి అంతస్తు దాకా వెళ్ళి, దిగి, అప్పుడు వచ్చేవాడు. నలభై రెండు మెట్లు. కొన్ని రోజులు ఆరేడుసార్లు ఎక్కేవాడు. "కుంపటి కొండెక్కుతోంది" అని నవ్వుకునేవాళ్ళు. దిగొచ్చాక కూడా ఆయన గొంతు మెత్తగా ఏమీ ఉండేది కాదు. కటువుగానే మాట్లాడేవాడు. కానీ ప్రశ్న అడిగేవాడు, జవాబు అయ్యేదాకా ఆగేవాడు. అంతే తేడా. ఆ కాస్త తేడాకే జనం మారడం మొదలుపెట్టారు. పక్కనావిడ ఒక బెల్టు సాగిందని వెళ్ళి చెప్పొచ్చింది. తాత ఆవిరి గొట్టం చెమ్మగిల్లిందని చెప్పొచ్చాడు. నా వేళ్ళ వైపు చూడటం మానేశారు.

నాకది నచ్చలేదు. ఎందుకో అప్పుడు తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. నేను చదివే పుస్తకాల్లో మనుషుల లోపలి సంగతులు పేజీలకి పేజీలుండేవి. వాటి కింద గీతలు గీసేవాణ్ణి. నా లోపలికి తొంగి చూడాలని మాత్రం తట్టలేదు.

ఎనిమిదో వారంలో ఒకరోజు బావ నా బల్ల దగ్గరికొచ్చాడు. ఒళ్ళో పుస్తకం చూశాడు. ఇదివరకైతే లాగి విసిరేవాడు. "పని అయ్యాక చదువుకోరా" అన్నాడు నెమ్మదిగా. పక్కన ముగ్గురున్నారు. ఆ నెమ్మది నాకు చెంపదెబ్బకంటే ఎక్కువ తగిలింది. ఈయన నాకు మర్యాద నేర్పుతాడా? పన్నెండేళ్ళు నన్ను నవ్వులపాలు చేసి ఇప్పుడు మంచివాడై కూర్చుంటాడా?

మర్నాడు ఆఫీసరు వచ్చే రోజు. పదకొండుకి వస్తాడు. ఆ టైముకి టెలిఫోన్లు మంచి జోరు మీదుంటాయి. పదింటికి నేను తెల్ల దుప్పట్ల మూటలోకి ఆపరేషన్ గది ఆకుపచ్చ గుడ్డలు నాలుగు, రంగు వదిలే కొత్తవి, తోసేశాను. అవి ఉడికి బయటికొచ్చేసరికి నలభై దుప్పట్లు పాచిపట్టిన నీళ్ళలా తేలాయి. ఆఫీసరు అప్పుడే దిగుతున్నాడు. బావ టెలిఫోన్ పెట్టేసి బయటికొచ్చి, ఆ ఆకుపచ్చ గుట్ట చూశాడు.

ఆయన మెడ నుంచి నుదుటి దాకా రక్తం ఎక్కడం చూశాను. అరిచెయ్, అనుకున్నాను మనసులో. అరిచెయ్.

"ఒక్క నిమిషం సార్" అని ఆఫీసర్ని అక్కడే నిలబెట్టి వెనక మెట్ల వైపు వెళ్ళిపోయాడు.

"ఎక్కడికి వెళ్ళాడు?" అన్నాడు ఆఫీసరు బిత్తరపోయి.

"కోపాన్ని మేడ మీద దించి రావడానికండి. వచ్చేస్తాడు" అన్నాడు తాత.

బావ వచ్చాడు. ఊపిరి ఇంకా బరువుగానే ఉంది. "వీటిని మళ్ళీ ఉడకబెట్టండి. తెల్లబడకపోతే వార్డుకి నేను చెప్పుకుంటాను. ఇవాళ్టికి పాత సంచి విప్పండి." తర్వాత నా వైపు తిరిగాడు. "ఏం జరిగింది?"

"చూసుకోలేదు బావా."

ఆయన నా కళ్ళలోకి చాలాసేపు చూశాడు. "సరే" అన్నాడు. ఆఫీసరు ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ పిన్ని వచ్చి నా బల్ల మీద ఎడం చెయ్యి ఆనించింది.

"కావాలనే చేశావు."

"లేదు పిన్నీ, పొరపాటున..."

"పొరపాటున నాలుగు గుడ్డలు ఒకే మూటలో పడవు. పదేళ్ళ నుంచి ఇదే చాకిరీ, నాకు చెబుతావా? ఆయన అరిచుంటే నేను పోయేదాన్ని. అది గుర్తొచ్చిందా నీకు?"

గుర్తు రాలేదని చెప్పాను. అది నిజమో కాదో ఇప్పటికీ నాకు తేలలేదు. వచ్చిందేమో. వచ్చినా పక్కకి తోసేశానేమో.

"మేస్త్రి కోపం గంట ముందే కనబడుతుంది. పక్కకి తప్పుకోవచ్చు. నీది ఎటునుంచి వస్తుందో తెలీదు. నవ్వుతూ కూర్చుంటావు, పుస్తకం తిప్పుతూ ఉంటావు, ఇవతల మనిషి చెయ్యి పోతుంది."

"ఆయనకి చెబుతావా?"

"ఛీ" అంది. "నీ గురించి నేనెందుకు చెప్పాలి? నోరుంది కదా, నువ్వే చెప్పుకో."

చెప్పుకోలేదు. మూడు నెలలు గడిచాయి, ఫిర్యాదు రాలేదు. పిన్ని ఉద్యోగం నిలిచింది. ఆవిడ బావతో అవసరమైన మాట తప్ప మాట్లాడేది కాదు. ఆయన దాన్ని భరించాడు. దానికి మెట్లెక్కాడో లేదో నాకు తెలీదు.

మూడేళ్ళకి బావ రిటైరయ్యాడు. తర్వాతి మేస్త్రి ఎవరని ఆఫీసరు ఆయన్నే అడిగాడు. వరస ప్రకారం నేనే. చదువుకున్నవాణ్ణి, నెమ్మదస్తుణ్ణి, ఇన్నేళ్ళలో ఎవర్నీ ఒక్క మాట అన్నవాణ్ణి కాదు. ఆయన పిన్ని పేరు చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఎదురుపడి అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"నన్నెందుకు వద్దన్నావు బావా? ఆవిడ నిన్ను మనిషిగా కూడా చూడదు. నోరిప్పితే తిట్లే."

"తిడుతుంది. తిడుతున్నానని ఆవిడకి తెలుసు" అన్నాడు. "నీకు నీ సంగతి తెలీదురా. తెలీనివాడి కింద పదిమందిని పెడితే ఏమవుతుందో నేను చేసి చూశాను."

"నా సంగతేంటి?"

"మూడేళ్ళ నుంచి కూర్చున్నాను, నువ్వొచ్చి చెబుతావని."

అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. ఆవిడే చెప్పిందో, పిన్ని చెప్పిందో, ఆయనే గ్రహించాడో అడగలేదు. మర్నాడే వేరే గది చూసుకుని వెళ్ళిపోయాను. నాలుగేళ్ళ తర్వాత ఆయన పోయేదాకా ఆ గడప తొక్కలేదు. అక్కే నా గదికొచ్చి చూసి వెళ్ళేది. ఆ నాలుగేళ్ళలో ఎన్ని పుస్తకాలు చదివానో! ఒక్కదానిలోనూ నన్ను నేను కలుసుకోకుండా జాగ్రత్తపడ్డాను.

పిన్ని మేస్త్రి అయిన మొదటి సోమవారం నన్ను బల్ల దగ్గర్నుంచి లేపింది.

"రోలర్‌కి అందించు."

"నేనా? నాకు అలవాటు లేదు పిన్నీ."

"అలవాటవుతుంది. నీ వేళ్ళు అక్కడుంటే నోరు దానంతటదే వస్తుంది."

కక్ష అనుకున్నాను. కక్షే కావచ్చు. ఆవిడకి ఆ హక్కుంది. రెండు వారాలు ఆ కడ్డీ ముందు చెమటలు కక్కుతూ దుప్పట్లు అందించాను. మూడో వారం ఒక పొద్దున కడ్డీ తగిలితే రోలర్ ఆగింది గానీ, ఆగడంలో ఏదో తడబాటు. బెత్తెడు కూడా లేదు. కాదేమో అనిపించేంత. ఆ టైముకి పిన్ని గదిలో టెలిఫోన్ మీద ఎవర్నో ఏకిపారేస్తోంది. మొహం కందగడ్డలా ఉంది. పక్కన అందిస్తున్నావిడ నా వైపు చూసి "ఇప్పుడెళ్ళకు" అన్నట్టు తల ఊపింది.

మధ్యాహ్నం చెప్పొచ్చు. రేపు చెప్పొచ్చు. ఇంకో దుప్పటి ఎక్కించాను. నాకు భయం ఆవిడ మీద కాదని అప్పుడు తెలిసింది. ఆవిడ అరిస్తే నేను లోపల ఏం దాచుకుంటానో, దాన్ని ఏ రోజు ఎవరి మీద తీర్చుకుంటానో, దానికి భయపడ్డాను. బావ ఆ మెట్లు ఎందుకు ఎక్కేవాడో నాకు అర్థమైంది, ఆయన మీద ప్రేమ ఏమీ పుట్టకుండానే అర్థమైంది. దుప్పటి వదిలేసి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"పిన్నీ, కడ్డీ సరిగ్గా ఆగట్లేదు."

ఆవిడ రిసీవర్ అలాగే వేలాడేసి, నన్ను పక్కకి తోసుకుంటూ బయటికి పరిగెత్తి, స్విచ్చి కట్టేసింది. హాలు మొత్తం నిశ్శబ్దమైంది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచి?"

"ఇప్పుడే. ఒక దుప్పటి."

"ఒక దుప్పటి ఎందుకు ఎక్కించావ్, వెధవా? తగలగానే రావాలని తెలీదా? కాళ్ళు పడిపోయాయా?"

పదినిమిషాలు తిట్టింది. బాయిలర్ దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు విన్నాడు, పక్కనావిడ విన్నది, గొట్టంలోంచి పడుతున్న గుడ్డలు కూడా వినే ఉంటాయి. ఒళ్ళు మండిపోయింది. మండుతోందని తెలిసింది కూడా. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: ఆవిడ మొదట మిషన్ ఆపి, ఆ తర్వాతే తిట్టింది.